ఎపిసోడ్‌కు మార్కులు: వైజ్ఞానిక కాల్పనిక ధారావాహికల విమర్శలో ఒక దురాచారం

బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ 1963లో ప్రారంభమైంది. ఆ ధారావాహికకే అంకితమైన ‘డాక్టర్ హూ మ్యాగజైన్’ 2009లో, అప్పటి వరకు వచ్చిన 200 కథలకు పాఠకుల చేత ఓట్లు వేయించి, మొదటి స్థానం నుండి చివరి స్థానం వరకు ఒక పట్టికను ప్రకటించింది. అగ్రస్థానం ‘ద కేవ్స్ ఆఫ్ ఆండ్రొజానీ’ అనే కథకు, 200వ స్థానం ‘ద ట్విన్ డిలెమా’ అనే కథకు దక్కాయి. ఈ రెండు కథలూ 1984 మార్చిలో ఒకదాని వెంట ఒకటి ప్రసారమైనవి. వాటి నడుమ మరొక కథ లేదు. మొదటి కథలో నాయకుడూ, అతని సహచరి పెరీ విషప్రభావానికి లోనవుతారు. చేతిలో మిగిలిన విరుగుడు ఒక్కరికే సరిపోతుంది. నాయకుడు దానిని ఆమెకు తాగించి తాను ప్రాణం విడుస్తాడు. ఆ ధారావాహిక సంప్రదాయం ప్రకారం కొత్త దేహంతో, అంటే కొత్త నటుడితో, తిరిగి లేస్తాడు. రెండవ కథలో ఆ కొత్త దేహం ధరించిన నాయకుడు మతి చలించిన స్థితిలో అదే పెరీ గొంతు నులుముతాడు.

‘ద ట్విన్ డిలెమా’ను సమర్థించవలసిన అవసరం ఎవరికీ లేదు. కథనం సడలినది, ప్రతినాయకుడు భయానికి బదులు నవ్వు పుట్టించేవాడు, కవలల పాత్రలు కొయ్యబొమ్మలు. కాని ఈ లోపాలే ఉన్న కథలు ఆ ధారావాహికలో మరెన్నో ఉన్నాయి. అవి అట్టడుగుకు చేరలేదు. ఈ ఒక్క కథను ప్రేక్షకుడు క్షమించలేకపోవడానికి కారణం దానికి ముందున్న కథలో ఉంది. ఎవరి కోసం ప్రాణం ఇచ్చాడో ఆమె గొంతే పట్టుకున్నాడన్న ఘట్టంలోని భయానకత్వమంతా ముందు కథ కూడబెట్టి ఇచ్చినది. దానిని అందుకున్న కథ ఏం చేయాలో తెలియక, ఆ ఘట్టానికి జవాబు చెప్పకుండానే దాటుకొని పోయింది. లోపం జరిగిన చోటు రెండు కథల నడుమ ఉన్న సంధి. పట్టిక ఆ సంధిని తెంచి, పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య 198 కథలను నిలబెట్టింది. చెడ్డదానిని చెడ్డదని చెప్పడంలో అది విజయం సాధించింది. ఎందుకు చెడ్డదో తెలుసుకొనే దారిని మూసివేసింది.

వైజ్ఞానిక కాల్పనిక ధారావాహికల చుట్టూ గత కొన్ని దశాబ్దాలలో పెరిగిన విమర్శలో అత్యధికభాగం ఈ నమూనాలోనే సాగింది. ఒక్కొక్క ఎపిసోడ్‌ను విడదీసి, కథాసంగ్రహం చెప్పి, నాలుగు మాటల అభిప్రాయం జోడించి, చివరన నాలుగుకో ఐదుకో పదికో ఒక అంకె వేయడం దాని పద్ధతి. ఆ అంకెలను కూడి, సగటు కట్టి, ఏ సీజన్ గొప్పదో, ఏ ఎపిసోడ్‌ను వదిలిపెట్టవచ్చో నిర్ణయిస్తారు. ఈ ఆచారం తీర్పు చెబుతున్నట్లు కనిపిస్తూ, తీర్పుకు ఆధారమైన విచారణను తప్పించుకుంటున్నదనేది ఈ వ్యాసం చేసే అభియోగం. తెలుగు విమర్శ టెలివిజన్ కథనాన్ని గంభీరమైన అధ్యయన విషయంగా స్వీకరించే దశలో ఉన్నది కనుక, ఈ ఆచారాన్ని గుమ్మంలోనే అడ్డుకోవడం అవసరం.

అంకె వచ్చిన దారి

రేటింగ్ అనే మాట విమర్శలో పుట్టినది కాదు. అమెరికాలో నీల్సన్ సంస్థ, టెలివిజన్ ఉన్న ఇళ్ళలో నూటికి ఎన్ని ఇళ్ళు ఒక కార్యక్రమాన్ని చూశాయో అంచనా కట్టే అంకెకు ఆ పేరు. ప్రకటనలకు ధర నిర్ణయించడానికి అది అక్కరకు వస్తుంది. భారతదేశంలో టి.ఆర్.పి. అనే మూడక్షరాల మాట చేసే పనీ అదే. ఈ లెక్కను సాహిత్యాభిమానులు ఈసడించుకుంటారు గాని, దానికి ఒక నిజాయితీ ఉంది: తాను దేనిని లెక్కపెడుతున్నదో దానికి తెలుసు. ఇళ్ళను లెక్కపెడుతుంది, ఇళ్ళ సంఖ్య చెబుతుంది.

‘స్టార్ ట్రెక్’ మొదటి ధారావాహిక ఈ లెక్కకు బలి అయినదే. 1966 సెప్టెంబర్ 8న ఎన్.బి.సి.లో మొదలై, 79 ఎపిసోడ్లు నడిచి, చాలినంత మంది చూడడం లేదన్న కారణంతో 1969 జూన్ 3న అది ముగిసిపోయింది. తరువాత స్థానిక కేంద్రాల పునఃప్రసారాలలో అసలు ఆదరణ లభించింది. 1980లలో దూరదర్శన్ ద్వారా భారతీయ ప్రేక్షకులకు కూడా చేరింది. ఇళ్ళ లెక్క చంపిన ధారావాహికను నిలబెట్టుకున్న అభిమానులే దాని 79 ఎపిసోడ్లకూ నక్షత్రాలు వేయడం మొదలుపెట్టడం విచిత్రం. ఏ కొలత తమ అభిమాన రచనకు అన్యాయం చేసిందో ఆ కొలత వేషాన్నే వారు తమ అభిరుచికి తొడిగారు.

అయితే ఈ రెండవ రకం అంకెకు మొదటిదానికున్న నిజాయితీ లేదు. అది దేనిని లెక్కపెడుతున్నదో దానికే తెలియదు. 1967 ఏప్రిల్ 6న ప్రసారమైన ‘ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఎపిసోడ్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. నౌకాధిపతి కర్క్ కాలంలో వెనక్కి వెళ్ళి, ఆర్థిక మాంద్య కాలం నాటి న్యూయార్క్‌లో ఈడిత్ కీలర్ అనే స్త్రీని ప్రేమిస్తాడు; చరిత్ర తన దారిన తాను నడవాలంటే ఆమె మరణించాలని తెలుసుకొని, ఆమెను రక్షించబోయిన మిత్రుణ్ణి తానే పట్టి ఆపుతాడు. దీనిని రచించినది హార్లన్ ఎల్లిసన్. ఆయన ప్రతిని నిర్మాణ బృందం విస్తారంగా తిరగరాసింది. ఆ తరువాత జరిగినది విమర్శకులు శ్రద్ధగా గమనించవలసిన విషయం. అమెరికా రచయితల సంఘం ఎల్లిసన్ మూలప్రతికి పురస్కారం ఇచ్చింది. 1968లో హ్యూగో పురస్కారం ప్రసారమైన రూపానికి వచ్చింది. రచయితలు ఒక పాఠాన్ని, వైజ్ఞానిక కాల్పనిక సాహిత్యాభిమానులు మరొక పాఠాన్ని మెచ్చుకున్నారు. ఆ ఎపిసోడ్‌కు పదికి పది అని వేసే సమీక్షకుడు ఈ రెండింటిలో దేనికి వేస్తున్నాడు? సంభాషణకా, నటనకా, చివరి క్షణంలోని నిశ్శబ్దానికా, ఎల్లిసన్ రాసి పోగొట్టుకున్న దానికా? ఒకే తూనికలో వేయరాని వస్తువులను కలిపి తూచి, ఎంత బరువని చెప్పడం లాంటిదే ఇది.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. మరుసటి వారం ప్రసారమైన ఎపిసోడ్‌లో కర్క్‌కు ఈడిత్ ఊసే లేదు. అంతటి దుఃఖం ఏడు రోజులలో ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నను ఏ నక్షత్రమూ అడగదు. ఎందుకంటే ఎపిసోడ్ ముగిసిన చోట లెక్క కూడా ముగిసిపోతుంది.

కుంతకుడి ప్రశ్న

ప్రబంధంలోని ఒక భాగాన్ని ఎలా విచారించాలన్నది భారతీయ కావ్యశాస్త్రానికి కొత్త సమస్య కాదు. కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో వక్రతను వర్ణవిన్యాసం నుండి ప్రబంధం వరకు ఆరు స్థాయిలలో నిరూపించాడు. వాటిలో ఐదవది ప్రకరణ వక్రత. తెలుగు శాఖలలో ఈ ఆరు పేర్లూ వరుసగా అప్పజెప్పగల విద్యార్థులకు కొదవ లేదు. అయితే వర్ణవిన్యాస, వాక్య వక్రతలకు ఉదాహరణలు పుష్కలంగా ఇచ్చి, ప్రకరణం దగ్గరికి వచ్చేసరికి శాకుంతలంలోని దుర్వాసశాపాన్ని ఒక్కవాక్యంలో ముట్టుకొని ముందుకు పోవడం బోధనలో పరిపాటి అయింది. ఐదు మార్కుల ప్రశ్నకు అంతకంటే ఎక్కువ అక్కరలేదు కాబోలు.

ఆ శాపం ఉదాహరణలోనే ప్రస్తుత సమస్యకు కావలసిన తాళపుచెవి ఉంది. శాపఘట్టం నాలుగవ అంకం మొదట్లో, నేపథ్యంలో, క్షణకాలం వినిపించి పోతుంది. దానిని విడిగా తీసి విలువ కట్టమంటే ఎవరైనా ఏం చెప్పగలరు? కోపిష్ఠి ముని కేకలు, ఒక చెలికత్తె వేడుకోలు. కాని భారతకథలో లేని ఆ చిన్న కల్పన దుష్యంతుణ్ణి అబద్ధీకుడి స్థానం నుండి తప్పించి, ఐదవ అంకంలోని తిరస్కారాన్ని నైతికదోషం నుండి విషాదంగా మార్చి, ఆరవ అంకంలోని పశ్చాత్తాపానికి చోటు కల్పిస్తుంది. దాని అందం దానిలో కంటే, అది మిగిలిన అంకాలకు చేసే ఉపకారంలో ఎక్కువగా ఉంది. ప్రకరణాల నడుమ ఉండే ఈ ఉపకార్య, ఉపకారక భావాన్ని కుంతకుడు ప్రకరణ వక్రతలో ఒక ప్రధాన భేదంగానే గుర్తించాడు. ఏ ప్రకరణం దేనికి ఉపకరిస్తున్నది, దేనివల్ల ఉపకారం పొందుతున్నది అన్నది ఆయన ప్రశ్న. ఎంత అన్న ప్రశ్న ఆయనకు తోచలేదు.

భారతంలోని నలోపాఖ్యానం దీనికి మరొక నిదర్శనం. నన్నయ ఆరణ్యపర్వంలో చదివినా, విడిగా నలచరిత్రగా చదివినా కథ అదే. కాని ఆరణ్యపర్వంలో దానికి ఒక శ్రోత ఉన్నాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకొని అడవిలో కూర్చున్న ధర్మరాజుకు బృహదశ్వుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్న మరొక రాజు కథ చెబుతున్నాడు; కథ ముగిశాక అక్షహృదయ విద్యను ఉపదేశిస్తున్నాడు. శ్రోతను తొలగిస్తే ఉపాఖ్యానం మనోహరమైన ప్రేమకథగా మిగులుతుంది. శ్రోతతో కలిపి చదివితే అది ఓదార్పు, హెచ్చరిక, చికిత్స.

కుంతకుడికి టెలివిజన్ తెలుసునని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆధునిక విషయం దేనినైనా ప్రాచీనులు ముందే చెప్పారని తీర్మానించే అలవాటు విమర్శకు చేసిన మేలు తక్కువ. పైగా ఆయన సిద్ధాంతానికి ఇక్కడ ఒక స్పష్టమైన పరిమితి ఉంది. కుంతకుడి ప్రబంధానికి ఒక కవి ఉన్నాడు, ఆ కవికి మొదటి నుండి చివరి వరకు చూపు ఉంది. టెలివిజన్ ధారావాహికకు డజన్ల కొద్దీ రచయితలు, మారే నటులు, ఏ ఏటికి ఆ ఏడు పొడిగింపు. అది పూర్తయిన ప్రబంధం కాదు. ప్రబంధం కావడానికి ప్రయత్నిస్తున్న ప్రకరణాల సమూహం. అందువల్లనే ఉపకారం ఎటు నుండి ఎటు పోతున్నదన్న ప్రశ్నకు ఇక్కడ పదును మరింత పెరుగుతుంది.

ద్రాక్షతోటలో ఒక ఎపిసోడ్

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ 1987 నుండి 1994 వరకు ఏడు సీజన్లు నడిచింది. ఇది ఒక జాతీయ జాలానికి చెందినది కాదు. స్థానిక కేంద్రాలకు నేరుగా విక్రయించబడినది. కొన్న కేంద్రం తనకు తోచిన వేళలో, తరువాతి కాలంలో తోచిన క్రమంలో కూడా ప్రసారం చేసుకోవచ్చు. ఈ వాణిజ్య నిబంధన నుండి ఒక కథన నిబంధన పుట్టింది: ప్రతి ఎపిసోడ్ ముగిసేసరికి నౌక, పాత్రలు, మనస్సులు ఎక్కడ మొదలయ్యాయో అక్కడికే తిరిగి చేరాలి. ఎపిసోడ్ స్వయంసంపూర్ణమనే భావన కళాసిద్ధాంతం నుండి వచ్చినది కాదని, అమ్మకపు సౌకర్యం నుండి వచ్చినదని గుర్తుంచుకోవాలి. ఎపిసోడ్‌కు అంకె వేసేవారు ఆ సౌకర్యాన్నే సహజధర్మంగా భావించుకున్నారు.

1990 జూన్‌లో, మూడవ సీజన్ చివరన, ‘ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’ అనే ఎపిసోడ్ వచ్చింది. నౌకాధిపతి పికార్డ్‌ను బోర్గ్ అనే యాంత్రిక సమూహజీవులు బంధించి, దేహంలో యంత్రాలు అమర్చి, అతని స్వరంతోనే అతని జాతికి లొంగుబాటు హెచ్చరిక వినిపించారు. అతని యుద్ధజ్ఞానాన్ని వాడుకొని స్వపక్ష నౌకాదళాన్ని నాశనం చేశారు. సెప్టెంబర్‌లో వచ్చిన రెండవ భాగంలో మిత్రులు అతణ్ణి రక్షించారు. నియమం ప్రకారం మరుసటి వారం పికార్డ్ ఏమీ జరగనట్లు కొత్త గ్రహానికి ప్రయాణం కట్టాలి.

అలా జరగలేదు. రొనాల్డ్ డి. మూర్ రచించిన ‘ఫ్యామిలీ’ 1990 అక్టోబర్‌లో ప్రసారమైంది. అందులో శత్రువు లేడు, కొత్త గ్రహం లేదు, వైజ్ఞానిక సమస్య లేదు. నౌకను నడిపే వేదిక ఒక్కసారి కూడా కనిపించదు. పికార్డ్ ఫ్రాన్సులోని సొంత ఊరికి, ద్రాక్షతోటల నడుమ ఉన్న పుట్టింటికి పోతాడు. యంత్రాలంటే గిట్టని అన్న రాబర్ట్ అతణ్ణి మాటలతో పొడుస్తాడు. ఇద్దరూ తోటలో కలియబడి, బురదలో దొర్లి, నవ్వుతారు. ఆ నవ్వు నడుమ పికార్డ్ ఏడుస్తాడు. తనను వాడుకొని శత్రువు చేసిన సంహారాన్ని ఆపలేకపోయానని, ఎంత ప్రయత్నించినా తన బలం చాలలేదని చెప్పుకుంటాడు. అన్న ఓదార్చడు. ఈ బరువుతో చాలాకాలం బ్రతకవలసి ఉంటుందని మాత్రం అంటాడు.

ఈ ఎపిసోడ్‌ను విడిగా నిలబెట్టి అంకె వేయమంటే రెండు రకాల సమాధానాలు వస్తాయి. సైన్స్ ఫిక్షన్ కోరి వచ్చినవాడు తక్కువ వేస్తాడు. అతని దృష్టిలో ఇందులో అది లేదు. పాత్రచిత్రణ కోరేవాడు ఎక్కువ వేస్తాడు. ఇద్దరి సగటు మధ్యస్థంగా తేలుతుంది. ఆ మధ్యస్థమైన అంకె చూసిన మూడవవాడు దీనిని దాటవేసి తరువాతి దానికి పోతాడు. దాటవేసిన వాడికి దీనికి ముందున్న రెండు భాగాల అర్థం కూడా సగమే అందుతుంది. ఎందుకంటే బంధింపబడిన పికార్డ్ కథ రక్షణతో ముగియలేదు. బురదలో ఏడవడంతో ముగిసింది, ఆ మాటకొస్తే అక్కడా ముగియలేదు. ‘ఫ్యామిలీ’ లేకపోతే ‘ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్’ ఉత్కంఠభరితమైన యుద్ధకథ. ‘ఫ్యామిలీ’ ఉన్నందువల్ల అది ఒక మనిషి మీద జరిగిన అత్యాచారానికి సంబంధించిన కథ అయింది. తరువాతి ఎపిసోడ్ ముందు ఎపిసోడ్ రసాన్నే మార్చింది: వీరం కరుణలోకి ఒరిగింది.

ఉపకారం అక్కడితో ఆగలేదు. 1993లో మొదలైన ‘డీప్ స్పేస్ నైన్’ తొలి ఎపిసోడ్‌లో, అదే యుద్ధంలో భార్యను పోగొట్టుకున్న సిస్కో పికార్డ్ ఎదుట నిలబడి తన ద్వేషాన్ని దాచుకోలేకపోతాడు. 1994 నాటి చలనచిత్రంలో అన్న రాబర్ట్, అతని కొడుకు అగ్నిప్రమాదంలో మరణించారన్న వార్త వస్తుంది. ఆ వార్తకు బలం ద్రాక్షతోటలో ఆ పిల్లవాణ్ణి చూసినవారికే తెలుస్తుంది. 1996 నాటి ‘ఫస్ట్ కాంటాక్ట్’లో పికార్డ్ కోపం వివేకాన్ని దాటిపోవడానికి మూలం ఇక్కడ ఉంది. 2020లో ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ మొదలైనప్పుడు వృద్ధుడైన నాయకుడు కూర్చున్నది ఆ ద్రాక్షతోటలోనే. ముప్పై ఏళ్ళ పాటు ఇతరులకు పెట్టుబడి పెడుతూ వచ్చిన ఎపిసోడ్ ఇది. 1990 అక్టోబర్‌లో దానికి వేసిన అంకె ఏదైనా, అది ముప్పై ఏళ్ళ ఆస్తిని మొదటి రోజు చిల్లరతో లెక్కగట్టడమే అవుతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ కూడా అదే ధారావాహికలో ఉంది. 1988 నాటి రచయితల సమ్మె వల్ల కుదించుకుపోయిన రెండవ సీజన్, 1989లో ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ అనే ఎపిసోడ్‌తో ముగిసింది. ఉపనాయకుడు రైకర్ రోగశయ్యపై పడి ఉంటాడు. అతని జ్ఞాపకాల పేరిట పాత ఎపిసోడ్ల ముక్కలు చూపిస్తారు. దీనిని అధమమని అందరూ అంగీకరిస్తారు. ఎందుకు అధమమో చెప్పడానికి కూడా ఉపకార భాషే కావాలి: అది అందరి దగ్గరా అప్పు తీసుకొని ఎవరికీ ఏమీ ఇవ్వదు. సున్నా అనే అంకె ఈ మాట చెప్పదు.

కాలం మార్చే విలువ

ఒక రచయిత ఎక్కువ భాగం తన చేతిలో ఉంచుకున్న ధారావాహికలో ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది. జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ‘బాబిలాన్ 5’ను ఐదేళ్ళ కథగా ముందే ఊహించి, 110 ఎపిసోడ్లలో 92 తానే రచించాడు. 1994లో, మొదటి సీజన్‌లో వచ్చిన ‘బాబిలాన్ స్క్వేర్డ్’ ఎపిసోడ్‌లో, ఎప్పుడో మాయమైన ఒక అంతరిక్ష కేంద్రం మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. కొన్ని వింత సంఘటనలు జరుగుతాయి. ఎవరో ఒక ముసుగు వ్యక్తి కనిపిస్తాడు. కేంద్రం మళ్ళీ మాయమవుతుంది. 1996లో, మూడవ సీజన్‌లోని రెండు భాగాల ‘వార్ వితౌట్ ఎండ్’లో అదే సంఘటన రెండవ వైపు నుండి కనిపిస్తుంది. ఆ రెండేళ్ళలో మొదటి ఎపిసోడ్‌లోని ఒక్క దృశ్యం కూడా మారలేదు. దాని అర్థం మాత్రం మొత్తం మారింది.

1994లో దానికి అంకె వేసిన సమీక్షకుడు తప్పు చేశాడా? అతని ముందున్నది సగం వాక్యం. సగం వాక్యం మీద అభిప్రాయం చెప్పవచ్చు, ఊహించవచ్చు, అనుమానించవచ్చు. మంచి సమీక్ష ఈ పనులన్నీ చేస్తుంది. అది వెనక్కి తీసుకోగల భాషలో మాట్లాడుతుంది. అంకెకు ఆ వెసులుబాటు లేదు. ‘ఇంకా తెలియదు’ అనే అర్థాన్నిచ్చే అంకె ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ప్రసారక్రమం కూడా విలువను మార్చగలదు. 2002లో ఫాక్స్ జాలం ‘ఫైర్‌ఫ్లై’ అనే ధారావాహికను కథను పరిచయం చేసే తొలి ఎపిసోడ్‌తో కాక వేరొకదానితో ప్రారంభించి, ఆ తొలి ఎపిసోడ్‌ను డిసెంబర్‌లో చివరన ప్రసారం చేసింది. పరిచయం ముగింపు అయింది. అప్పటి ప్రేక్షకుడూ, నేడు సరైన క్రమంలో చూసే ప్రేక్షకుడూ అదే ఎపిసోడ్‌కు వేసిన అంకెలను కలిపి సగటు కడితే వచ్చేది దేని సగటో చెప్పడం కష్టం.

సమర్థకుల వాదాలు

ఈ ఆచారాన్ని సమర్థించేవారి వాదాలలో బలమైనది ప్రేక్షకుడి సమయానికి సంబంధించినది. ‘ద నెక్స్ట్ జనరేషన్’ 178 ఎపిసోడ్లు అంటే 130 గంటలకు పైబడిన వీక్షణం. అంత తీరిక అందరికీ ఉండదు, దారి చూపడం విమర్శకుడి ధర్మమే. ఇది న్యాయమైన మాట. కాని దారి చూపడానికి అంకె కంటే వాక్యం ఎక్కువ సమర్థమైనది. ‘ఈ రెండు భాగాలు చూసినవారు దీనిని తప్పక చూడాలి, చూడనివారు దీనితో మొదలుపెట్టకూడదు’ అన్న ఒక్క వాక్యంలో ఉన్న మార్గదర్శనం పదికి ఏడులో లేదు. భారతం పెద్దదని ఉపాఖ్యానాలకు మార్కులు వేసి, తక్కువ వచ్చినవి తీసివేసి సంక్షిప్తం చేసే సంకలనకర్తను ఏ తెలుగు శాఖ గౌరవిస్తుంది?

అంకె వేసేవారు వివరమైన సమీక్ష కూడా రాస్తారన్నది రెండవ వాదం. కొందరు నిజంగా రాస్తారు. ఎపిసోడ్ వెంట ఎపిసోడ్‌గా ఏళ్ళ తరబడి శ్రద్ధగా చూసి, నిర్మాణ నేపథ్యం తెలుసుకొని రాసిన సమీక్షలలో సంప్రదాయ విమర్శ సిగ్గుపడవలసినంత పరిశ్రమ ఉంటుంది. ఆ పరిశ్రమ పట్ల గౌరవం ఉన్నందువల్లనే అంకె పట్ల అభ్యంతరం చెప్పవలసి వస్తోంది. ప్రచారంలో మిగిలేది అంకె ఒక్కటే; సమీక్షలోని వెయ్యి మాటలు దాని కింద కనుమరుగవుతాయి. చదవడం మాని లెక్క చూసుకొనే పాఠకుణ్ణి ఆ సమీక్షకుడే తయారు చేసుకున్నాడు.

మూడవ వాదానికి కొంత లొంగక తప్పదు. ప్రతి ఎపిసోడ్ వేరే కథ, వేరే పాత్రలు అయిన సంకలన ధారావాహికలు ఉన్నాయి. 1959 నుండి 1964 వరకు నడిచిన ‘ద ట్విలైట్ జోన్’ అటువంటిది. దానిలోని 156 ఎపిసోడ్లను 156 కథానికలుగా విడివిడిగా విచారించడంలో దోషం లేదు. కథానికకు మాత్రం అంకె ఎందుకన్నది వేరే ప్రశ్న. అయితే స్వయంసంపూర్ణంగా కనిపించేవి అన్నీ అటువంటివి కావు. 1992లో వచ్చి, మరుసటి ఏడు హ్యూగో పురస్కారం పొందిన ‘ది ఇన్నర్ లైట్’లో పికార్డ్ అంతరించిపోయిన ఒక గ్రహంపై ఒక జీవితకాలం గడిపినట్లు అనుభవిస్తాడు, మెలకువ వచ్చేసరికి నౌకలో గడిచినది అరగంట లోపే. అతని చేతికి మిగిలేది ఒక పిల్లనగ్రోవి. ముందేమీ చూడనివాడు కూడా ఈ ఎపిసోడ్‌కు కరుగుతాడు. కాని భార్యాబిడ్డలు వద్దనుకొని నౌకకే జీవితం ఇచ్చిన మనిషికి ఈ సంసారం దక్కిందన్న సంగతి ముందు ఐదు సీజన్లు చూసినవాడికే తెలుసు. మరుసటి సీజన్‌లో ‘లెసన్స్’ అనే ఎపిసోడ్‌లో అతడు ఆ పిల్లనగ్రోవిని మరొక స్త్రీ కోసం వాయిస్తాడు. ‘లెసన్స్’ సామాన్యమైన ఎపిసోడ్ అనే అభిప్రాయానికి ఆధారం ఉంది. అయినా పిల్లనగ్రోవి పెట్టెలో నుండి బయటికి వచ్చే ఆ ఘట్టం ముందు ఎపిసోడ్‌కు చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు.

పట్టికలు సైతం తమకు తెలియకుండానే ఈ వాదానికి సాక్ష్యం ఇస్తాయి. ‘డాక్టర్ హూ మ్యాగజైన్’ 2014లో తిరిగి ఓట్లు వేయించినప్పుడు అగ్రస్థానం ‘ద డే ఆఫ్ ద డాక్టర్’కు దక్కింది. అది 2013లో ధారావాహిక స్వర్ణోత్సవానికి నిర్మించినది. యాభై ఏళ్ళ కథాసంపదను అడుగడుగునా వాడుకుంటూ, వేర్వేరు కాలాల నాయకులను ఒకచోట కలిపినది. ఉత్తమ స్వతంత్ర ఖండం కోసం జరిగిన పోటీలో అత్యంత పరాధీనమైన ఖండం గెలిచింది.

తెలుగు విమర్శ ముందున్న పని

తెలుగులో ఈ అంకె ఇప్పటికే సినిమా సమీక్షను ఆక్రమించింది. ఐదుకు 2.75 అన్న తీర్పు విడుదల రోజు మధ్యాహ్నానికే వెలువడుతుంది. 2.5కూ 2.75కూ నడుమ ఉన్న ఆ పావు దేనికి వచ్చిందో, ఏ దృశ్యం దానిని సంపాదించిందో అడిగేవారు లేరు. నిర్మాత ఆ అంకెనే ప్రకటనలో వేసుకుంటాడు, లేదా దానిపైనే పోట్లాడతాడు. సమీక్షలోని వాక్యాల మీద పోట్లాట జరిగిన సందర్భాలు దానితో పోలిస్తే ఎంత అరుదో గమనించాలి. విచిత్రమేమిటంటే, వ్యాపార సంస్థ అయిన నెట్‌ఫ్లిక్స్ 2017లోనే ఐదు నక్షత్రాల పద్ధతిని వదులుకొని బొటనవేలి గుర్తుకు మారింది. వర్తకుడు వదిలిన తూనికరాయిని విమర్శకుడు మోస్తున్నాడు.

విశ్వవిద్యాలయానికి ఈ ప్రమాదం బయటి నుండే రావలసిన పని లేదు. సంస్థకు నాక్ శ్రేణి, అధ్యాపకుడికి వ్యాసాల లెక్కన పాయింట్లు, విద్యార్థికి క్రెడిట్లు. ఇంతగా అంకెల్లో జీవించే చోట, మాధ్యమ కథనాలపై పరిశోధన మొదలుపెట్టే విద్యార్థి వీక్షకుల సగటు అంకెను పట్టికగా వేసి, దానినే విలువకు ఆధారంగా చూపడం సులభం. దానిని శాస్త్రీయతగా భ్రమించడం ఇంకా సులభం. అభిరుచుల చరిత్ర రాసేవారికి అటువంటి పట్టిక పనికివస్తుంది, అది స్వీకరణకు సాక్ష్యం. రచన విలువకు సాక్ష్యం కాదు.

నిజానికి తెలుగు పాఠకుడు ధారావాహికను చదవడం ఎరిగినవాడు. వారపత్రికలలో నవలలు వారం వారం వెలువడిన దశాబ్దాలలో, పద్నాలుగవ వారం భాగం ఎలా ఉందని అడిగితే ఎవరూ అంకె చెప్పలేదు. ఆ పాత్ర ఎందుకు అలా చేసిందో, పోయిన నెల అన్న మాటకు ఇప్పుడు ఏం అర్థం వచ్చిందో, వచ్చే వారం ఏం జరగాలో మాట్లాడుకున్నారు. సంపాదకుడికి ఉత్తరాలు రాశారు. కుంతకుడి పేరు వినని ఆ పాఠకులు చేసినది ప్రకరణాల పరస్పరోపకార విచారణే. కథను ఆపి ఆపి వినే అలవాటు వారికి హరికథల నుండి, పురాణ కాలక్షేపం నుండి వచ్చినది.

కనుక టెలివిజన్, వెబ్ ధారావాహికలపై వచ్చే సిద్ధాంతవ్యాసాలలో వీక్షకుల అంకెల పట్టిక కనిపించినప్పుడు పరీక్షకుడు మౌఖిక పరీక్షలో అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. తక్కువ అంకె వచ్చిన ఈ ఎపిసోడ్‌ను తీసివేస్తే మిగిలిన వాటిలో ఏది కుంటుపడుతుంది? ఎక్కువ అంకె వచ్చిన దానికి ఆ బలం ఎక్కడి నుండి వచ్చింది? తరువాత వచ్చిన ఏ రచయిత దేనిని మార్చి చూపాడు? పరిశోధకుడు ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగితే అతనికి ఆ పట్టికతో పనిలేదు. చెప్పలేకపోతే ఆ అధ్యాయం తిరిగి రాయించాలి.